ఏ చెక్కకండీ జిగురు?

పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం మా అత్తగారు కన్నుమూశారు. ఆ సమయానికి నేను ఏలూరులో ఉన్నాను, షాపుకు కావలసిన రంగులు చూడడానికి వెళ్ళి. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ ఇంక లేదు" అన్నారు. పొద్దున్న కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "కాస్త నడుం వాలుస్తాను" అన్నారట. మళ్ళీ లేవలేదు. డెబ్బై తొమ్మిదేళ్ళు. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. అదృష్టవంతురాలు అని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. మా ఊరు తాడేపల్లిగూడెం వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న నాకు మాత్రం దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏ ఊరు వెళ్ళిందో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి వీధి నిండా మోటారు సైకిళ్ళు, సైకిళ్ళు. బంధువులవి కొన్నే. మిగిలినవన్నీ వడ్రంగులవి. అత్తిలి నుంచి, గణపవరం నుంచి, ఏలూరు పక్క ఊళ్ళ నుంచి వచ్చారు. కొందరు పని మధ్యలో లేచి వచ్చినట్టున్నారు, భుజాన పనిముట్ల సంచి అలాగే ఉంది, చొక్కాల మీద రంపపు పొట్టు ఉంది. పాదాల దగ్గర నిలబడి దండం పెట్టి, గోడ పక్కకు వెళ్ళి నిలబడ్డారు. మా బంధువుల్లో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఈ కుటుంబాన్నంతా జిగురులా అతికించి ఉంచింది మహాతల్లి" అన్నారు. ఆ ఏడుపులో కూడా నాకు నవ్వొచ్చింది. ఆవిడే గనక విని ఉంటే, "ఏ జిగురండీ?" అని తప్పకుండా అడిగి ఉండేవారు.

ఎందుకంటే మా అత్తగారికి జిగురు అనేది ఒకటి కాదు. ఆవిడ నలభై ఏళ్ళకు పైగా మా షాపులో కూర్చుని మేకులు, బందులు, గొళ్ళేలు, రంగులు అమ్మారు. కానీ జిగురు మాత్రం అమ్మలేదనే చెప్పాలి. అడిగినవాళ్ళను కూర్చోబెట్టి, ప్రశ్నలు వేసి, సరిపోయేదేదో తేల్చి ఇచ్చేవారు. సరిపోయేది లేకపోతే, "మా దగ్గర మీకు పనికొచ్చేది లేదండి, ఏలూరులో చూడండి" అని పంపేసేవారు. జిగురు కావాలని ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే. "ఏ చెక్కకండీ?"

ఆవిడది అత్తిలి దగ్గర పల్లెటూరు, వరి పండించుకునే కుటుంబం. చదువు ఆరో తరగతి. షాపు మా మామగారు పెట్టింది. ఆయనకు నలభై దాటకముందే పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట మాత్రం మిగిలింది. ఆయన మంచం షాపు వెనక గదిలో వేయించి, ఈవిడ ముందు గదిలో కౌంటర్ దగ్గర కూర్చున్నారు. మధ్యలో ఒక కర్టెన్. ఆ కర్టెన్ అవతలి నుంచి ఆయన మేకుల సైజులు చెబుతుంటే, ఇవతల ఈవిడ డబ్బాలు వెతికేవారట.

నేను కామవరపుకోట అమ్మాయిని. మా వైపు మెట్ట. మామిడి, జీడిమామిడి, పొగాకు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఊరికే కూర్చోవడం తోచక, "నేనూ షాపులోకి వస్తానండి అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆ చీర కాదమ్మా, రంగు పడినా పరవాలేదనుకునేది కట్టుకో" అన్నారు. అదే నాకిచ్చిన అనుమతి.

మొదటి రోజు కౌంటర్ కింద ఒక బిస్కెట్ల రేకు డబ్బా చూశాను. తెరిస్తే అన్నీ చెక్క ముక్కలు. అగ్గిపెట్టె అంత, అరచెయ్యి అంత. టేకు, ఇరుగుడు, మద్ది, వేప, మామిడి. రెండేసి ముక్కలు జిగురుతో అంటించి, దారంతో గట్టిగా చుట్టి ఉన్నాయి. కొన్ని విరిచిన ముక్కలు. వాటి మీద పెన్సిలుతో ఆవిడ గుండ్రటి అక్షరాలు. 'పట్టింది'. 'పట్టలేదు'. 'వానాకాలం వదిలింది'.

"ఇవన్నీ ఏంటండీ?" అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా. డబ్బా మీద ఏం రాశారో తెలీదు. అందుకని చెక్కనే అడుగుతాను," అన్నారు.

అలా మా ఇద్దరికీ ఒక పని కుదిరింది. కొత్త జిగురు ఏదొచ్చినా దానితో వచ్చిన కాగితం నేను చదివి తెలుగులో చెప్పాలి. ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు. "మళ్ళీ చదువు" అనేవారు. మూడోసారి కూడా చదివాక, అందులో ఏం రాయలేదో అది అడిగేవారు. "జిడ్డు చెక్క సంగతి ఏమన్నా ఉందా?" ఉండేది కాదు. "అయితే మనమే చూడాలి" అని ఆ రేకు డబ్బా పైకి తీసేవారు.

జిడ్డు చెక్క అంటే ఆవిడ లెక్కలో టేకు, ఇరుగుడు. వీటి ఒంట్లోనే నూనె ఉంటుంది. అందుకే వానకూ చెదకూ లొంగవు. అందుకే జిగురుకూ లొంగవు. మామిడికీ వేపకూ తెల్ల జిగురు రాసి బిగిస్తే సుఖంగా పట్టేస్తుంది. టేకుకు అదే రాస్తే పైకి పట్టినట్టే కనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆ జిగురు పొర నీళ్ళలో నానిన కాగితంలా మొత్తంగా ఊడి వచ్చేస్తుంది. నాకు ఈ సంగతి చెప్పినప్పుడు నేను తలూపానే గానీ బుర్రకెక్కించుకోలేదు. డిగ్రీ చదివిన గర్వం కాస్త ఉండేది. జిగురంటే జిగురే కదా అనుకున్నాను మనసులో.

ఆ గర్వం ఎలా పోయిందో చెప్పాలి.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు లోపల మామగారికి అన్నం పెడుతున్నారు. కౌంటర్ దగ్గర నేనొక్కదాన్నే. గణపవరం వడ్రంగి మేస్త్రి గారు వచ్చారు. నిదానస్థుడు, మంచి పనివాడని పేరు. ఆ రోజు మాత్రం బస్సు టైమవుతోందని తొందరలో ఉన్నారు.

"అమ్మా, మంచి జిగురు ఇవ్వండి. పెద్ద డబ్బా."

నేను తెల్ల జిగురు డబ్బా తీసి ఇచ్చేశాను. ఏ చెక్కకని అడగలేదు. ఆయనా చెప్పలేదు. రోజూ ఆ ప్రశ్న వినే మనిషి, అడగలేదంటే ఇది దేనికైనా పనికొస్తుందనే అనుకుని ఉంటారు.

నెల దాటింది. మేస్త్రి గారు మళ్ళీ వచ్చారు, గోనెసంచి ఒకటి భుజాన వేసుకుని. సంచిలోంచి కౌంటర్ మీద చెక్కలు ఒక్కొక్కటే పెట్టారు. నున్నగా, ఎర్రగా మెరిసే టేకు. వాటి అంచులకు చెక్కిన తామర పూలు. చివర్న అడుగు చెక్క పెట్టారు. అది ఉయ్యాల తొట్టి అని అప్పుడు తెలిసింది నాకు.

"ఊడిపోయిందండి," అన్నారు. "పిల్ల లోపలుండగా ఊడిపోయిందండి."

కొల్లేటి లంకలో ఒక కుటుంబం వాళ్ళకు మనవరాలు పుడితే, ఇంటి పాత తలుపులు తీయించి, వాటితో తొట్టి చేయమన్నారట. పైకి మేకు గానీ చీల గానీ కనబడకూడదన్నారట, అందం చెడుతుందని. ఆయన బెజ్జాలు తొలిచి, కొసలు దిగేసి, జిగురుతో బిగించారు. మూడో నెలలో బారసాల చేసిన నాడు అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాలకు, ఒక ముసురు పట్టిన రోజున, ఊపుతుండగా అడుగు చెక్క ఒక వైపు జారింది. పిల్ల కిందపడింది. కింద బొంత ఉండబట్టి సరిపోయింది. నుదురు బొప్పి కట్టింది. ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తే భయం లేదన్నారు.

"పిల్ల బాగుందండి. దేవుడి దయ," అన్నారు మేస్త్రి గారు. "నా పేరే పోయిందండి. మా చర్చికి బల్లలు చేస్తన్నాను. సంగతి తేలేదాకా ఆపమన్నారు పెద్దలు. పసిపిల్లని పడేసినోడి చేతి బల్లల మీద ఎలా కూచుంటామన్నారంట ఎవరో."

అత్తగారు కర్టెన్ తప్పించుకుని బయటకు వచ్చారు. మొత్తం విన్నట్టున్నారు. అడుగు చెక్క చేతిలోకి తీసుకుని కొస మీద బొటనవేలితో రుద్దారు. జిగురు పలచటి పొరలా లేచి వచ్చింది, పాము కుబుసంలా. దానికి ఒక్క చెక్క పీచు కూడా అంటుకుని లేదు. ఆ పొరను వెలుతురుకు పెట్టి చూశారు. తరవాత మంచినీళ్ళ చెంబులో వేలు ముంచి చెక్క మీద ఒక చుక్క వేశారు. చుక్క ఇంకలేదు. తామరాకు మీద నీటిబొట్టులా అలాగే నిలబడింది.

"ఈ తలుపులకు నూనె రాసేవారా అండి?"

"మరేనండి. పండక్కి పండక్కి ఆవదం రాసేవారంటండి. వాళ్ళ తాతల నాటి నుంచీని."

"మీరు చిత్రిక పట్టిన రోజే జిగురు పెట్టేరా?"

"లేదండి. చిత్రిక పట్టి వారం పైన ఉంచేను. పూలు చెక్కాలి కదండి."

ఆవిడ చెక్కను కింద పెట్టారు. "ఇది తెల్ల జిగురు. మా షాపుదేనా?"

మేస్త్రి గారు నా వైపు చూడలేదు. ఆ మర్యాద నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "ఆయ్" అన్నారంతే.

"నేనిచ్చేనండి," అన్నాను. "అడగలేదండి అత్తయ్యగారూ."

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మేస్త్రి గారికి మంచినీళ్ళిచ్చి, "తప్పు మీ చేతిది కాదండి, మా షాపుది. రేపు పొద్దున్న నేను ఆ ఊరు వస్తాను. మీరు గణపవరంలో బస్సెక్కండి," అన్నారు.

"మీరెందుకండీ అంత దూరం," అని ఆయన లేచి నిలబడ్డారు.

"మీరు చెబితే తప్పించుకోడానికి చెప్పేరంటారు. నేను చెబితే నాకేం లాభం? నమ్ముతారు."

ఆయన వెళ్ళాక నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ పసిపిల్ల నుదురే కళ్ళ ముందు కనబడుతోంది. మంచం మీద నుంచి మామగారు పిలిచారు. "ఇలా రా అమ్మా. మీ అత్తయ్య మొట్టమొదట అమ్మిన జిగురుకు ఒక కుర్చీ విరిగింది, చెప్పిందా నీకు?"

చెప్పలేదు. ఆయన చెప్పారు. షాపులో కూర్చున్న కొత్తలో ఒక పెద్ద వడ్రంగికి ఏదో డబ్బా ఇచ్చారట. పది రోజులకు ఆయన కుర్చీ కాలు పట్టుకొచ్చి, షాపులో అందరూ ఉండగా, "తెలీనప్పుడు అమ్మకూడదమ్మా" అన్నాడట. ఈవిడ స్టూలు వేసి, "నిజమేనండి, నాకు తెలీదు. కూర్చోండి, మీరు చెప్పండి," అన్నారట. ఆ ముసలాయన గంటసేపు కూర్చుని చెప్పాడట. పూర్వం పశువుల చర్మం ఉడకబెట్టి చేసే వజ్రం అనే జిగురు దగ్గర నుంచి మొదలుపెట్టి. ఆ రోజు నుంచి షాపుకు వచ్చిన ప్రతి వడ్రంగినీ ఒక్క ప్రశ్నైనా అడగకుండా పంపలేదట.

"ఆ రాత్రి అన్నం తినలేదు మీ అత్తయ్య. నువ్వు మాత్రం తిను," అన్నారు మామగారు.

మర్నాడు నన్ను కూడా రమ్మన్నారు. చేతిసంచిలో పాత తెల్ల పంచె చింపిన గుడ్డలు, థిన్నర్ సీసా, గరుకు కాగితం, రెండు ట్యూబుల జిగురు పెట్టుకున్నారు. రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి కలిపితేనే గట్టిపడే రకం అది. గణపవరంలో మేస్త్రి గారు గోనెసంచితో ఎక్కారు. బస్సు దిగి, చేపల చెరువుల గట్ల మీద ఆటోలో వెళ్ళి, చివర్న పడవ ఎక్కాం. కొల్లేరు నేను చూడడం అదే మొదటిసారి. అత్తగారు కూడా అంతకు ముందు చూడలేదట. పడవలో ఆవిడ నీళ్ళనూ చూడలేదు, పిట్టలనూ చూడలేదు. పడవ చెక్కల అతుకులు చూశారు.

ఆ ఇంటి పెద్దావిడ, పిల్ల నాయనమ్మ, అరుగు మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రి గారిని చూడగానే మొహం తిప్పుకున్నారు. అత్తగారు చెప్పులు విడిచి, మెట్టు కిందనే నిలబడి, "నమస్కారమండి. ఈ తొట్టికి జిగురు అమ్మింది మేమేనండి. తప్పు మాది. చెప్పిపోదామని వచ్చేం," అన్నారు.

"జిగురు అమ్మినోళ్ళు ఇంటికొచ్చి చెప్పడం నేనెక్కడా వినలేదండి," అన్నారు పెద్దావిడ. "చెప్పి ఏం చేస్తారు? పసిదాని నుదురు చూసేరా?"

"చూడనివ్వండి."

కోడలు పిల్లను తెచ్చి చూపించింది. బొప్పి తగ్గి చిన్న పసుపు మచ్చలా ఉంది. పిల్ల మా అత్తగారి గాజులు పట్టుకుని లాగింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పిల్ల తనంతట తాను వదిలే దాకా అలాగే వంగి నిలబడ్డారు.

తరవాత అరుగు మీదే గోనెసంచి పరిచి పని మొదలుపెట్టారు. తెల్లగుడ్డ థిన్నర్‌లో ముంచి చెక్క కొసను తుడిచారు. గుడ్డ టీ రంగుకు తిరిగింది. ఇంకో గుడ్డ. అదీ అంతే. మూడో గుడ్డకు రంగు తగ్గింది. ఆ గుడ్డలు మూడూ పెద్దావిడ ముందు వరసగా పెట్టారు.

"ఇదేంటండీ?"

"నూనెండి. కొంత చెట్టుది. కొంత మీ ఇంట్లో వాళ్ళు రాసింది."

పెద్దావిడ ఒక గుడ్డ తీసుకుని వాసన చూశారు. ఆవిడ మొహంలో ఏదో కదిలింది. "నేను కాపరానికొచ్చిన కాడి నుంచి ఆ తలుపులకి నేనే రాసేదాన్నండి. అంతకు ముందు మా అత్తగారు. పురుగు పట్టకుండా ఉంటదని," అన్నారు. "అయితే నా చేతి నూనే జారగొట్టిందంటారా?"

"నూనె మంచిదేనండి. అందుకే ఇన్నేళ్ళున్నాయి తలుపులు. ఆ నూనెకు తగిన జిగురు మేమివ్వలేదు. ఈయన చేతిలో లోపం లేదు. ఈ పూలు చూడండి, ఈ బెజ్జం చూడండి, కొస దిగిందంటే మధ్య దారం దూరదు."

మేస్త్రి గారు తల దించుకుని కూర్చున్నారు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

"మళ్ళీ చేయించి, మళ్ళీ నా మనవరాల్ని అందులో పడుకోబెట్టమంటారా?" అన్నారు పెద్దావిడ. కోపంగా కాదు. నిజంగానే అడుగుతున్నారు.

"వెంటనే వద్దండి. ఈసారి మేస్త్రి గారు మీ ఇంటి అరుగు మీదే చేస్తారు. పైపైన చిత్రిక పట్టి, తుడిచి, ఆ పావుగంటలోనే జిగురు పెట్టాలి. ఆలస్యమైతే నూనె మళ్ళీ పైకొచ్చేస్తుంది. జిగురొక్కదాన్నే నమ్మకుండా చెక్క చీలలు కూడా కొట్టించండి. కనబడితే కనబడనివ్వండి. అయ్యాక బియ్యం బస్తా ఒకటి అందులో పెట్టి నెల రోజులు ఊపండి. అప్పటికీ మీ మనసు ఒప్పకపోతే బియ్యానికే ఉంచుకోండి."

పెద్దావిడ నవ్వారు. నవ్వాక, "మేస్త్రీ, మంచినీళ్ళు తాగు," అన్నారు. మేస్త్రి గారు తలెత్తి చూసింది అప్పుడే.

ఆ రోజంతా అక్కడే ఉన్నాం. మేస్త్రి గారు చిత్రిక పట్టడం, నేను తుడవడం, అత్తగారు రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి అగ్గిపుల్లతో కలపడం. అతుకు కదలకుండా పట్టే మేస్త్రి గారి క్లాంపును నేను గట్టిగా బిగించబోతే, "అంత బిగించకు. జిగురంతా బయటికొచ్చేస్తే లోపల ఏం మిగుల్తుంది?" అన్నారు. గరుకు కాగితంతో కొసల్ని కొద్దిగా గీకించారు. మరీ నున్నగా ఉంటే ఆ జిగురుకు పట్టు దొరకదట. ఇవన్నీ నేను కాగితాల్లో చదివి ఆవిడకు చెప్పినవే కొన్ని. చదివిన నాకు గుర్తులేదు, విన్న ఆవిడకు ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ధైర్యం చేసి, "నన్ను తిట్టలేదేంటండీ?" అని అడిగాను.

"తిడితే రేపటి నుంచి కౌంటర్ దగ్గర భయంగా కూర్చుంటావు. భయపడేవాళ్ళు ప్రశ్నలు అడగరమ్మా," అన్నారు. చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని, "నువ్వు అడగలేదు, నిజమే. అడక్కపోతే ఏమవుతుందో నేనూ చెప్పలేదు," అన్నారు. ఇంక ఆ విషయం మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

నెల తరవాత లంక నుంచి కబురొచ్చింది. బియ్యం బస్తా దిగింది, పిల్ల ఎక్కింది అని. కబురుతో పాటు తడి గుడ్డలో చుట్టిన కొర్రమీను కూడా వచ్చింది. ఆ పెద్దావిడే మేస్త్రి గారి ఊరు వెళ్ళి, చర్చి పెద్దలతో మాట్లాడారట. బల్లల పని ఆయనకే దక్కింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన కొడుకు ఇప్పుడు మా దగ్గరే సామాను తీసుకుంటాడు.

మా అత్తగారు అందరితోనూ ఇంత శాంతంగా ఉండేవారనుకుంటే పొరపాటు. మొండిమనిషి. ఏలూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, తన తండ్రి గారి ఇరుగుడు చేతికర్ర విరిగితే తెచ్చారు. సాయంత్రానికల్లా కావాలన్నారు. "సాయంత్రానికి కావాలంటే కొత్త కర్ర కొనుక్కోండి. ఇదే కావాలంటే ఎల్లుండి రండి," అని మొహం మీదే చెప్పారు. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి, ఎల్లుండి వచ్చి, కర్ర ఆనించి నాలుగడుగులు వేసి, ఆవిడకు రెండు చేతులూ జోడించారు. "తొందరపెడితే జిగురు ఊరుకోదమ్మా, మనుషులంటే ఊరుకుంటారు గానీ," అన్నారు నాతో, ఆయన వెళ్ళాక.

నాతోనూ పేచీలు పడేవారు. ఒకసారి సేల్స్‌మన్ కొత్తరకం జిగురు తెచ్చాడు. టేకుకైనా సరే ఒకే డబ్బా చాలు, కలపక్కర్లేదన్నాడు. నేను తీసుకుందామన్నాను, ఆవిడ వద్దన్నారు. వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదో రోజు పొద్దున్న నా పళ్ళెం పక్కన ఒక విరిచిన టేకు ముక్క పెట్టి ఉంది. విరిగిన చోట అతుకు కాదు, చెక్కే చీలింది, పీచులు పీచులుగా. దాని మీద పెన్సిలుతో ఒకటే మాట. 'నీదే రైటు'. ఆ ముక్క ఇప్పుడు నా బీరువాలో, నా డిగ్రీ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే ఉంది.

మామగారు పోయాక ఆ కర్టెన్ తీసేయమని మా ఆయన అంటే ఒప్పుకోలేదు. కొన్నాళ్ళ పాటు, ఏదైనా సైజు గుర్తురాకపోతే అలవాటుగా అటు తిరిగేవారు. తిరిగి, ఒక్క క్షణం ఆగి, డబ్బాలు తనే వెతుక్కునేవారు.

చివరి అయిదారేళ్ళు చూపు తగ్గింది. జిగురు రంగు తెలిసేది కాదు. వాసన చూసి చెప్పేవారు, వేలికి రాసుకుని చెప్పేవారు. చెక్క మీద గోటితో గీసి, ఆ గీతను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇరుగుడు. పాతది. కాస్త నిమ్మళంగా చేయండి," అనేవారు. ఎవరూ ఎదురు చెప్పగా నేను వినలేదు.

పోయిన చలికాలంలో కళ్ళ పరీక్షకని ఏలూరు తీసుకెళ్ళాను. డాక్టరు ఇంక చేసేదేమీ లేదని మెల్లగా చెప్పారు. ఆవిడ తలూపి, "సరేనండి, ఇన్నాళ్ళు చూశాను కదా," అన్నారు. బయటకొచ్చి ఆటో ఎక్కాం. బస్టాండుకు వెళ్ళే దారిలో కలప కోసే సామిల్లు ఒకటి ఉంది. రంపం చప్పుడు వినబడగానే నా చెయ్యి పట్టుకుని, "ఆటో ఆపించమ్మా," అన్నారు.

లోపలికి తీసుకెళ్ళాను. అప్పుడే ఒక పెద్ద టేకు దుంగను కోస్తున్నారు. మిల్లు మనుషులు ఎవరో ముసలావిడ వచ్చిందని రంపం ఆపబోతే, ఆపొద్దని చేత్తో సైగ చేశారు. కోసి పక్కన పడేసిన చెక్క దగ్గరకు నడిపించాను. దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డారు. పచ్చి టేకు వాసన, తోలు లాంటిది, నూనె లాంటిది, గట్టిగా వస్తోంది. "ఎంత జిడ్డో చూడు," అన్నారు. మనవల్ని మెచ్చుకునేటప్పటి గొంతు అది. చాలాసేపు నిలబడ్డాం. పొట్టు గాలికి లేచి మా ఇద్దరి మీదా పడుతూనే ఉంది.

బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. సాయంత్రపు ఎండ కిటికీలోంచి వాలుగా పడుతోంది. ఆవిడ తెల్లటి జుట్టు నిండా సన్నటి టేకు పొట్టు, బంగారు రంగులో. దులుపుదామని చెయ్యెత్తాను. లేస్తారేమోనని ఆగిపోయాను. గూడెం వచ్చేదాకా బస్సు కుదిపినప్పుడల్లా అది కాస్త కాస్త నా చీర మీదికి రాలుతూనే ఉంది.